పెట్టెకి కట్టిన తడక

1983వ సంవత్సరం, దసరా వెళ్ళిన మరుసటి వారం. విశాఖపట్నంలో పాత పోస్టాఫీసు వైపు ఒక ఇరుకు వీధిలో నాకు చిన్న షాపు ఉండేది. ఫ్రిజ్‌లు, వాటర్ కూలర్లు, అక్కడక్కడా ఆఫీసర్ల ఇళ్ళలో ఏసీలు బాగుచేసేవాణ్ణి. పని నేర్చుకున్నది మాత్రం చేపల రేవు పక్కన ఉన్న ఐస్ ఫ్యాక్టరీలో. పన్నెండేళ్ళు ఐసు దిమ్మల మధ్య బతికినవాణ్ణి కాబట్టి, చల్లబరచడం గురించి నాకు తెలియనిదంటూ లేదని ఒక పొగరు ఉండేది. అది దిగడానికి అరకు దాకా వెళ్ళాల్సి వచ్చింది.

ఆ రోజు షాపుకి నలభై ఐదేళ్ళ ఆవిడ ఒకరు వచ్చారు. తెల్లటి నూలు చీర, భుజాన గుడ్డ సంచి. ఉన్నవి మూడు మెట్లే. అవి ఎక్కి కుర్చీలో కూర్చున్నాక, ఊపిరి అందుకోవడానికి కాసేపు ఆగి, అప్పుడు నోరు విప్పారు.

“మీరు గదులు చల్లబరుస్తారని విన్నాను. వెచ్చబరచగలరా?”

ఆవిడ పేరు డాక్టర్ సుగుణ. అరకు స్టేషన్‌కి రెండు మైళ్ళ దూరంలో, పన్నెండు మంచాలున్న ఒక చిన్న ధర్మాసుపత్రి నడుపుతున్నారు. అక్కడ డాక్టర్ అంటే ఆవిడొక్కరే. కొండల మీది పల్లెల నుంచి కాన్పులకీ జ్వరాలకీ అందరూ అక్కడికే వస్తారు. వచ్చిన చిక్కల్లా ఆవిడకి ఉబ్బసం ఉండటమే. పోయిన శీతాకాలం రెండుసార్లు ఆవిడనే రైల్లో కిందకి దించి పెద్దాసుపత్రిలో పడుకోబెట్టాల్సి వచ్చిందట. కుంపటి పెట్టుకుంటే పొగ పడదు, పెట్టుకోకపోతే చలి పడదు. రాడ్ హీటర్ పెడితే ఆసుపత్రిలో కత్తెరలూ సూదులూ మరిగించే బాయిలర్‌తో కలిసి ఫ్యూజు ఎగిరిపోతోంది. ఆసుపత్రి పెద్దలు ఈసారి గట్టిగా చెప్పేశారు. జనవరి నెలాఖరు దాకా చూస్తారు, ఆరోగ్యం ఇలాగే ఉంటే ఆవిడని మైదానానికి పంపించేస్తారు. ఇంకో డాక్టర్ దొరికేదాకా ఆసుపత్రికి తాళం.

“దొరకరండీ. నాకు ముందు ఆరేళ్ళు ఎవరూ దొరకలేదు,” అన్నారావిడ.

ఆవిడ తమ్ముడు ఓడల్లో ఇంజనీరు. ఊరు మారుతూ ఇంట్లోని రెండు విండో ఏసీల్లో ఒకటి అక్కగారిని తీసుకోమన్నాడు. ఒకటి ఒకటిన్నర టన్నుది, కొత్తగా మెరిసిపోతోంది. రెండోది ఒక టన్నుది, కాస్త పాతది, దాని మీటకి కూల్, హీట్ అని రెండు గుర్తులు ఉన్నాయి. ఏది పనికొస్తుందో చూసి చెప్పమని నన్ను అడగడానికి వచ్చారు.

మా వృత్తి సంగతి ఇక్కడ రెండు ముక్కలు చెప్పాలి. ఫ్రిజ్ వెనక చెయ్యి పెడితే వెచ్చగా తగులుతుంది కదా. లోపలి వేడిని తీసి వెనక పారబోయడమే దాని పని. గదికి పెట్టే ఏసీ చేసేదీ అదే. కూల్, హీట్ రెండూ చేసే రివర్స్ సైకిల్ మిషన్‌లో మాత్రం ఫోర్-వే వాల్వ్ అని ఒక ఇత్తడి భాగం ఎక్కువ ఉంటుంది. మీట హీట్ వైపు తిప్పితే అది గ్యాసు నడిచే దారిని మార్చేస్తుంది. అప్పుడు బయటి గాలిలోని వేడిని లాగి గదిలో పోస్తుంది. చల్లటి గాలిలో వేడెక్కడిదని అడుగుతారు. మన చేతికి చల్లగా తగిలే గాలిలోనూ కొంత వేడి ఉంటుంది. వెనకనున్న కాయిల్, అంటే రేకులు తొడిగిన రాగిగొట్టాల చుట్ట, ఆ గాలికన్నా చల్లగా ఉంటే ఆ వేడి అందులోకి దిగుతుంది. వేడిని పుట్టించకుండా మోసుకొస్తుంది కాబట్టి రాడ్ హీటర్‌కన్నా చాలా తక్కువ కరెంటు తింటుంది. ఇప్పుడు దీన్నే హీట్ పంప్ అంటున్నారు. ఆ రోజుల్లో మా వీధిలో ఆ మాట ఎవరూ వినలేదు.

టన్ను అంటే మిషన్ బరువు కాదు. ఒక రోజులో ఒక టన్ను ఐసు కరగడానికి ఎంత వేడి కావాలో, అంత వేడిని రోజుకి అటునుంచి ఇటు మోయగలదని అర్థం. ఆ లెక్క ఐస్ ఫ్యాక్టరీలో నాకు ఉగ్గుపాలతో పోసినట్టే.

“పాతదే తీసుకోండమ్మా. మెరుస్తున్నది చల్లబరచడానికే పనికొస్తుంది. గది చిన్నదైతే ఒక టన్ను చాలు. అయితే ముందు గది చూడాలి. కన్నాలున్న గదికి ఎంత మిషన్ పెట్టినా వేస్టే,” అన్నాను.

గది చూడటానికి కిరండోల్ పాసింజర్ ఎక్కి వెళ్ళాను. టైడా స్టేషన్ దాటి బండి కొండ ఎక్కుతుంటే చెవులు మూసుకుపోయాయి, సొరంగాలు లెక్కపెడుతూ మధ్యలో మర్చిపోయాను, మధ్యాహ్నానికి అరకులో దిగాను. ఆసుపత్రి పక్కనే పెంకుటిల్లు. డాక్టరుగారి గదికి పైకప్పు పెంకుల సందుల్లోంచి ఆకాశం కనిపిస్తోంది. పెంకుల కింద తడకలు పరిచి, మట్టి మెత్తి, అటక లాగా మూసెయ్యమన్నాను. తలుపు కింద సందుకి గోనెపట్టా చుట్టి పెట్టమన్నాను. మిషన్ కన్నా ముందు ఇవి జరగాలని పట్టుబట్టాను. ఆ మాత్రం తెలివి ఉండేది.

ఆ పనంతా దగ్గరుండి చేయించింది బుద్రి. డాక్టరుగారికి వంట చేసి, ఇల్లు చూసుకుంటూ, వెనక పాకలో రెండు ఆవుల్ని మేపే మనిషి. పక్క కొండ మీది ఊరు ఆవిడది. వయసు నలభై దాటి ఉండొచ్చు, ఆవిడకీ తెలియదు. పదిహేను రోజుల్లో వాళ్ళ ఊరివాళ్ళు వచ్చి వెదురు దబ్బలతో తడకలల్లి, ఎర్రమట్టీ పేడా కలిపి మెత్తి, చేత్తో నిమిరినట్టు నున్నగా చేసి వెళ్ళారు. నవంబరులో నేను మిషన్ తీసుకెళ్ళేసరికి గది కొత్త కుండలా తయారై ఉంది.

కిటికీలో మిషన్ బిగించాను. వెనకభాగం ఒక వేలెడంత కిందికి వాలేట్టు పెట్టాను, నీళ్ళు బయటికి కారిపోవాలి కాబట్టి. వోల్టేజి అక్కడ సాయంత్రమైతే దీపం కూడా కళ్ళు మూసుకునేంత పడిపోతుంది. అందుకని స్టెబిలైజర్ పెట్టాను. మీట హీట్ వైపు తిప్పాను. కాసేపటికి వెచ్చటి గాలి వచ్చింది. డాక్టరుగారు ఆ గాలికి ఎదురుగా నిలబడి, చేతులు చాపి, చిన్నపిల్లలా నవ్వారు.

బుద్రి మాత్రం నవ్వలేదు. నా పక్కకి వచ్చి నిలబడింది.

“ఏటి బాబూ, ఇది పొయ్యా? పొగ రాదేటి?”

“పొయ్యి కాదమ్మా. బయటున్న వేడిని పట్టుకొచ్చి లోపల పెడుతుంది.”

“బయట వేడెక్కడుంది? అంతా సలే కదా.”

“ఉంటుందిలే. నీకు కనపడదు,” అని స్క్రూడ్రైవర్లు సంచిలో వేసుకున్నాను. సాయంత్రం బండికి టైమైపోతోంది. ఆ మాట అంటున్నప్పుడు నాలో ఎంత అతిశయం ఉందో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. బుద్రి ఇంటి వెనక్కి వెళ్ళి, మిషన్ వెనక గాలి వదిలే జాలీకి అరచెయ్యి ఆనించి, చాలాసేపు అలాగే నిలబడింది.

స్టేషన్ దాకా నా సంచి మోసుకొస్తూ తనే చెప్పింది. కూతురు సోమ్రికి ఆరో నెల. తొలిసారి కాన్పుకి, డాక్టరమ్మ కింద పెద్దాసుపత్రిలో పడుకుని ఉన్న రోజుల్లో, డోలీలో దించుతుండగా దారిలోనే బిడ్డ పోయింది. “ఈసారి అమ్మ ఇక్కడే ఉండాల బాబూ. మాఘంలో నొప్పులొత్తాయంట. ఆ పెట్టి బాగా పనిసేత్తాదా?”

“గ్యారంటీ,” అన్నాను.

డిసెంబరు రెండో వారంలో ఉత్తరం వచ్చింది. మిషన్ రాత్రి పడుకునేటప్పుడు బాగానే ఉంటోందనీ, తెల్లవారుజాముకి చల్లటి గాలి కొడుతోందనీ, సరిగ్గా ఆ వేళకే ఆయాసం మొదలవుతోందనీ రాశారు. వెళ్ళాను. మధ్యాహ్నం పన్నెండున్నరకి స్విచ్ వేస్తే వెచ్చటి గాలి బ్రహ్మాండంగా వచ్చింది. ఫిల్టర్, అంటే గాలిలో దుమ్ము పట్టే జల్లెడ, తీసి కడిగాను. వెనక్కి వెళ్ళి చూశాను. కాయిల్ రేకులు శుభ్రంగా ఉన్నాయి. కింద నేల మాత్రం బాగా తడిసి చిత్తడిగా ఉంది. వేడి చేసేటప్పుడు నీళ్ళు బయటివైపే కారతాయి కదా అనుకుని వదిలేశాను. పాక గోడకి మట్టి మెత్తిన తడకలు ఆనించి ఉన్నాయి. వాటినీ చూశాను. కొండల మీద చలికాలం పశువుల పాకకి పొద్దు వాలగానే తడకలు కట్టి, తెల్లవారాక ఎండ తగలడానికి విప్పేస్తారని తెలుసు. అవి పాకవే అనుకున్నాను.

“వోల్టేజి అయ్యుంటుందమ్మా,” అన్నాను. మా వృత్తిలో ఏమీ తెలియనప్పుడు అనే మాట అది.

పదిరోజులకి ఇంకో ఉత్తరం. ఈసారి ఆవిడ చేతిరాత వంకర్లు పోయింది. నాకు చిరాకేసిన మాట నిజం. మధ్యాహ్నం పనిచేసే మిషన్ తెల్లవారుజామున ఎందుకు చెయ్యదు, వెచ్చదనానికి అలవాటు పడిన మనుషులు కాస్త చలి తగిలినా ఓర్చుకోలేకపోతున్నారేమో అని మా ఇంట్లో గొణుక్కున్నాను కూడా. అయినా గ్యాసు తగ్గిందేమోనని గేజీలు, చిన్న సిలిండర్, వాల్వ్‌ని కదిలించే కరెంటు చుట్ట ఒకటి అదనంగా, మోయలేనంత సామాను వేసుకుని వెళ్ళాను. మళ్ళీ మధ్యాహ్నమే. గేజీ పెడితే గ్యాసు ఉండాల్సినంత ఉంది. ఫోర్-వే వాల్వ్ ఇరుక్కుందేమోనని స్క్రూడ్రైవర్ పిడితో తట్టి చూశాను. టక్కున మారింది. వెచ్చటి గాలి వచ్చింది. గదిలో ఒక మూల ట్రంకు పెట్టె మూత తెరిచి ఉంది, అందులో సగం దాకా పుస్తకాలూ చీరలూ సర్ది ఉన్నాయి.

“ఇందులో లోపం ఏమీ లేదమ్మా. మీరే చూడండి,” అన్నాను.

డాక్టరుగారు మంచం మీద దిండుకి ఆనుకుని కూర్చుని ఉన్నారు. మాటకీ మాటకీ మధ్య ఊపిరి తీసుకుంటున్నారు.

“సత్యంగారూ, నా దగ్గరికి ఒక మనిషి వచ్చి రోజూ తెల్లవారుజామున చలిజ్వరం వస్తోందంటే, మధ్యాహ్నం ఒళ్ళు పట్టుకు చూసి జ్వరం లేదు పొమ్మని అనను. ఆ వేళకి వచ్చి చూస్తాను.”

నా మొహం ఎర్రబడింది. వచ్చినప్పుడల్లా మధ్యాహ్నం దిగి, సాయంత్రం బండికి పోయేవాణ్ణి. ఆ మిషన్ పొద్దున్న ఎలా ఉంటుందో చూసినవాణ్ణి కాను. ఆ రోజు బండి వదిలేశాను.

ఆసుపత్రి స్టోరుగదిలో రెండు దుప్పట్లు కప్పుకుని పడుకున్నాను. సముద్రం పక్కన పుట్టినవాడికి అరకు చలి ఏమిటో ఆ ఒక్కసారికే తెలిసింది. తెల్లవారడానికి ఇంకా కాస్త ఉందనగా గోడ అవతల దగ్గు వినిపించి లేచాను. అది ఒకసారి మొదలైతే ఆగడం లేదు. కొన ఊపిరి దాకా వెళ్ళి వెనక్కి వస్తున్నట్టు ఉంది. నేను గొణుక్కున్న మాటలు గుర్తొచ్చి నా మీద నాకే అసహ్యం వేసింది.

తలుపు తట్టి గదిలోకి వెళ్ళాను. మిషన్ నడుస్తూనే ఉంది, దాని ముందు చెయ్యి పెడితే చల్లగా తగిలింది. ఆవిడ రాసింది అక్షరాలా నిజం. టార్చి తీసుకుని ఇంటి వెనక్కి పరిగెత్తాను. పొగమంచులో నాలుగడుగుల అవతల ఏమీ కనిపించడం లేదు. కిటికీ ఉండాల్సిన చోటికి వెళ్ళి చూస్తే మిషన్ లేదు.

దాని చోట మట్టి మెత్తిన తడకలు ఉన్నాయి. వెనకొకటి, అటూ ఇటూ చెరొకటి, పైన ఇంకొకటి, గోడకి ఆనించి తాళ్ళతో బిగించి కట్టి, సందుల్లో ఎండుగడ్డి కూరి ఉంది. అప్పుడే పుట్టిన దూడకి కట్టినట్టు కట్టారు. లోపలి నుంచి మిషన్ మూలుగు వినిపిస్తోంది. తాళ్ళు కోసి తడక లాగేశాను. కాయిల్ కనిపించలేదు. రేకుల మీద అరచెయ్యి మందాన తెల్లటి ఐసు. ఫ్యాక్టరీలో పన్నెండేళ్ళు చూసిన దిమ్మే, నేను వేడి కోసం పెట్టిన మిషన్ మీద తయారై కూర్చుంది.

పాల చెంబుతో పాకలోంచి బుద్రి వచ్చింది.

“ఇది ఎవరు కట్టారు?”

“నానే బాబూ. రోజూ పొద్దు గుంకితే కడతాను, తెల్లారితే ఇప్పీసి ఆవుల్ని తోలుకెల్తాను.”

“ఎవరు కట్టమన్నారు నిన్ను?” గట్టిగానే అరిచాను.

ఆవిడ బెదరలేదు. ఆశ్చర్యపోయినట్టు చూసింది.

“నువ్వే కదా సెప్పినావు, బయటున్న వేడి పట్టుకెల్లి లోపలెడతాదని. రాత్తిరి బయట వేడెక్కడుంటాది బాబూ? సుట్టూ సలే. అందుకని దాని సుట్టూ వెచ్చగా ఉంచితే పట్టుకెల్లడానికి దానికేటైనా ఉంటాది కదాని కట్టినాను. నిప్పుల కుండ కూడా ఎడదామనుకున్నాను. పొగకి అమ్మకి దగ్గొత్తాదని మానీసినాను.”

నేను చెప్పినదాన్ని నమ్మి, దాని గురించి చివరిదాకా ఆలోచించిన మనిషి ఆ ఇంట్లో ఆవిడొక్కతే. నేను సగం చెప్పి రైలెక్కాను. మిగతా సగం తనే పూరించుకుంది. నా మాట ప్రకారం చూస్తే ఆవిడ చేసిన దాంట్లో తప్పు పట్టడానికి ఏమీ లేదు.

ముందు లోపలికి వెళ్ళి మీట కూల్ వైపు తిప్పాను. అలా చేస్తే వేడి కాసేపు వెనక కాయిల్‌కి పోయి ఐసు కరుగుతుంది. దీన్ని డీఫ్రాస్ట్ అంటారు. తర్వాత్తర్వాత వచ్చిన మిషన్లు ఆ పని వాటంతటవే చేసుకుంటాయి. ఇది పాతది, మనమే చెయ్యాలి. అంతసేపూ గది చల్లబడుతుంది కాబట్టి డాక్టరుగారికి దుప్పటి కప్పి పక్క గదిలో కూర్చోబెట్టాను. ఐసు పెళ్ళలు పెళ్ళలుగా ఊడి చిత్తడి నేల మీద పడింది. ఆ చిత్తడి ఎక్కడిదో అప్పుడు అర్థమైంది. మిషన్ కాసేపు ఆపి, మళ్ళీ హీట్ పెట్టి, బుద్రి చెయ్యి పట్టుకుని జాలీ ముందు పెట్టాను.

“గాలి ఎలా ఉంది?”

“సల్లగుంది. ఈ మంచుకన్నా సల్లగుంది.”

“అది బయటి గాలి తాగి, అందులోని వేడి ఉంచేసుకుని, మిగిలింది ఇలా వదిలేస్తుంది. నువ్వు చుట్టూ మూసేస్తే కొత్త గాలి రాదు. వదిలేసిన గాలినే మళ్ళీ తాగాలి. అందులో ఏముంటుంది?”

బుద్రి జాలీ ముందు చెయ్యి ఇంకోసారి తిప్పి చూసింది.

“అంటే ఎంగిలి గాలి.”

“ఎంగిలి గాలే,” అన్నాను. మా పుస్తకాల్లో దీనికి ఉన్న పేరుకన్నా ఆ మాటే బాగుందని అప్పుడూ అనిపించింది, ఇప్పుడూ అనిపిస్తుంది.

కాసేపటికి ఆవిడ ముఖం మారిపోయింది. చెంబు కింద పెట్టేసి మెట్టు మీద కూలబడింది.

“అయితే ఇన్నాళ్ళూ అమ్మకి ఆయాసం నా వల్లేనా బాబూ? అమ్మ ఎల్లిపోకూడదనే కదా కట్టినాను. అమ్మ పెట్టి సర్దుకుంటంటే నా పేనం పోతంది. అమ్మ ఎల్లిపోతే నా గుంటకి, సోమ్రికి ఎవులున్నారు?”

ఆ మాటకి నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “నీ వల్ల కాదు. నేను సరిగ్గా చెప్పలేదు. చూడాల్సిన వేళకి వచ్చి చూడలేదు. తప్పు నాది,” అన్నాను. అదే మాట లోపలికి వెళ్ళి డాక్టరుగారికీ చెప్పాను. దాచుకోవచ్చు, చిన్న రిపేరు చేశానని చెప్పి తప్పించుకోవచ్చు. కానీ ఆ దగ్గు విన్నాక అబద్ధం ఆడటానికి నోరు రాలేదు.

డాక్టరుగారు వింటూ వింటూ నవ్వడం మొదలుపెట్టారు. నవ్వుతో దగ్గొచ్చింది, దగ్గులోనూ నవ్వుతున్నారు. “బుద్రీ, నా కోసం నువ్వు పెట్టెకి కంబళి కప్పావా?” అన్నారు. బుద్రి వెళ్ళి ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చుంది. డాక్టరుగారు బుద్రి తల నిమిరారు.

తడకలు తీసేస్తే సగం సమస్య తీరింది. మిగతా సగం పొగమంచు. తడి గాలి సూటిగా కాయిల్‌కి కొడితే, చుట్టూ ఏమీ కట్టకపోయినా కొంత మంచు పట్టకమానదు. పడమటి లోయలోంచి వచ్చే గాలి నేరుగా అక్కడికే తగులుతోంది. దానికి ఏం చెయ్యాలా అని తల గోక్కుంటుంటే బుద్రే అడిగింది.

“దగ్గరగా కడితే ఎంగిలవుతాది. దూరంగా కడితేనో?”

ఎంత దూరమని ఆలోచించాను. మిషన్ వదిలే గాలి వెనక్కి తిరిగి రాకుండా ఉండాలి, ఎదురుగాలి మాత్రం ఆగాలి. మిషన్ నడుస్తుండగా ఒక గుడ్డపీలిక కర్రకి కట్టి, ముందుకీ వెనక్కీ జరిపి చూశాం. పీలిక ఎక్కడ ఎగరడం మానేస్తుందో అక్కడ గుర్తు పెట్టాం. చేతులు చాచి కొలిస్తే ఒక బార దూరం వచ్చింది. బుద్రి ఒక వెదురు బద్దని సరిగ్గా అంత పొడవుకి నరికింది. ఆ దూరంలో గుంజలు పాతి ఒక్క తడకే నిలబెట్టాం, పక్కలు రెండూ వదిలేశాం. మిషన్ పైన వాన పడకుండా చిన్న చూరు దించాం.

వెళ్ళేముందు ఈసారి పూర్తిగా చెప్పాను, తొందర లేకుండా, ఇద్దరికీ. తెల్లవారుజామున వెనక కాయిల్ చూడాలి. రేకులు తెల్లబడితే మీట కూల్ వైపు తిప్పి, నీళ్ళు కారడం ఆగేదాకా ఉంచాలి. ఆపిన మిషన్‌ని వెంటనే వెయ్యకూడదు, ఐదు నిమిషాలు ఆగాలి, లేకపోతే కంప్రెసర్‌కి ఊపిరాడదు. వారానికోసారి ఫిల్టర్ కడగాలి. రేకుల మధ్య ఆకులూ బూజూ చేరితే మెత్తటి కుంచెతో పైనుంచి కిందికే తుడవాలి, అడ్డంగా తుడిస్తే రేకులు వంగిపోతాయి. నేను చెప్పిన ప్రతిదానికీ బుద్రి “ఎందుకు?” అని అడిగింది. ఎందుకో చెప్పేదాకా వదల్లేదు. రెండు చోట్ల నాకే సరిగ్గా తెలియదని తేలింది. వైజాగ్ వెళ్ళాక పుస్తకం తిరగేసి, ఉత్తరం రాసి పంపాను. డాక్టరుగారు చదివి వినిపించారట.

జనవరి వచ్చింది. నెలాఖరు ఎప్పుడొస్తుందా అని షాపులో క్యాలెండరు చూస్తూ కూర్చునేవాణ్ణి. ఎక్కడో కొండల్లో ఒక గది వెచ్చగా ఉందా లేదా అని అంత బెంగపడటం నా పనిలో అదే మొదటిసారి. ఫిబ్రవరి మొదట్లో ఒక కార్డు వచ్చింది. రెండే వాక్యాలు ఉన్నాయి. “ట్రంకు పెట్టె ఖాళీ చేశాను. వీలు చూసుకుని ఒకసారి రండి.”

వెళ్ళాను. డాక్టరుగారు అవుట్ పేషెంట్లని వరసగా చూస్తున్నారు, ఆగకుండా మాట్లాడుతున్నారు. నన్ను చూసి “మీ రోగి గదిలో ఉంది, వెళ్ళి చూడండి,” అన్నారు. మిషన్ చూడమంటున్నారనుకుని లోపలికి వెళ్ళాను. మిషన్‌కి ఎదురుగా, నేరుగా గాలి తగలని మూల, వెదురు తట్టలో పాత చీర మెత్తగా పరిచి ఉంది. అందులో పిడికిలంత ముఖంతో ఒక పసిగుడ్డు నిద్రపోతోంది. పక్కన గోడకి ఆనుకుని సోమ్రి కూర్చుని ఉంది. నెల ముందే నొప్పులొచ్చాయి, బిడ్డ బాగా తక్కువ బరువుతో పుట్టింది. వార్డులో చలికి నిలవదని డాక్టరుగారు తల్లినీ బిడ్డనీ తన గదికి మార్చేసి, తను వార్డులో నర్సు పక్కన మంచం వేయించుకున్నారు. అప్పటికి బిడ్డకి పద్దెనిమిది రోజులు.

“అమ్మకి అక్కడ ఆయాసం రావడం లేదా?” అని అడిగాను.

“రెండ్రోజులు పడుకుంది. నానే రాత్తిరి పోరు పెట్టి ఈ గదికి తెచ్చీసినాను,” అంది వెనక నుంచి బుద్రి. “మంచం అటు, తట్ట ఇటు. అందరం ఇందులోనే. పెట్టి ఒక్కటే కదా.”

నేను వెనక్కి వెళ్ళి చూశాను. కాయిల్ రేకులు నేను కూడా అంత శుభ్రంగా ఉంచను. నేల పొడిగా ఉంది. గోడకి మేకు కొట్టి, దానికి ఆ వెదురు బద్ద వేలాడదీసి ఉంది. గాలికి తడక జరిగినప్పుడల్లా దానితో కొలిచి మళ్ళీ నిలబెడుతోందట. చెయ్యడానికి నాకు అక్కడ పనేమీ మిగల్లేదు.

ఎండాకాలం అదే మిషన్ కూల్ మీద నడిచింది. ఆ మిషన్ ఇంకో ఏడేళ్ళు పనిచేసింది. ఒకసారి ఫ్యాన్ మోటారు, ఒకసారి స్టెబిలైజర్ మార్చడం తప్ప నేను చేసిందేమీ లేదు. డాక్టరుగారు అన్ని శీతాకాలాలూ అక్కడే ఉన్నారు. తట్టలో పడుకున్న ఆ గుంట నాకు రైల్వేస్టేషన్‌కి ఎదురొచ్చి, మా అమ్మమ్మ పెట్టి ఫిల్టర్ కడిగింది చూద్దువు రమ్మని లాక్కెళ్ళేది.

ఆ తర్వాత ఎన్నో ఇళ్ళకి, హోటళ్ళకి, ఆఫీసులకి వెళ్ళాను. మిషన్లు మారాయి, గ్యాసులు మారాయి, నా చేతి కింద మనుషులూ మారారు. ఒక్క అలవాటు మాత్రం అరకు నుంచి తెచ్చుకున్నది అలాగే ఉండిపోయింది. మిషన్ కొన్నవాళ్ళు ఎదురొచ్చి మోడల్ పేరూ, సంవత్సరమూ చెప్పడం మొదలుపెడతారు. అంతా వింటాను. సంచి కింద పెట్టి, మూత విప్పకముందు ఒక్కటే అడుగుతాను.

“ఈ ఇంట్లో అందరికన్నా ముందు లేచేది ఎవరండీ? ఒకసారి వాళ్ళని పిలవండి.”